కొత్త కోట్లకు దొంగ అతుకులు

కంపెనీ భాగస్వాముల సముఖానికి:

అందరూ అతుకుల అత్తయ్య అని పిలిచే ఈమె వయస్సు యాభై ఎనిమిది. ఈ విన్నపం వ్రాయువానికి పందొమ్మిదేళ్లుగా తెలిసిన మనిషి. కొండలెక్కేవారికి వానకోట్లు కుట్టే మన కంపెనీలో, చిరిగి వచ్చినవాటిని బాగుచేయడం ఆమె పని. యజమాని ఆమె మేనల్లుడే. ఒక్క గదిలో, ఆమె కుట్టుమిషనుతోనే ఈ వ్యాపారం మొదలైంది. "చిరిగితే తీసుకురండి, కొత్తది కొనకండి" అని ఆనాడతడు మనసారా అన్నాడు. జనం నమ్మి వచ్చారు. జనం వెంట పొగరూ వచ్చింది.

ఇప్పుడాయన సభల్లో అడవుల కోసం కంటతడి పెడతారు. తన గదిలో మాత్రం ఏసీ చలికి తాళలేక, తమ కంపెనీ వానకోటే తొడుక్కుని కూర్చుంటారు.

ఈమధ్య అతుకులున్న కోట్లంటే జనానికి మోజు పుట్టింది. చిరిగినవి చాలలేదు. ఒక ఉదయం కొత్త కోట్ల కట్ట ఆమె బల్లమీద పడింది.

"అత్తా, మోచేతి దగ్గర కాస్త కోసి, రంగుగుడ్డ వేసి కుట్టు."

"చిరగనిదాన్ని కోయడమేమిట్రా?"

"అతుకు చూస్తే, మనం భూమిని కాపాడుతున్నామని కొనేవాళ్లకు నమ్మకం."

"కట్టు కట్టి పేరు తెచ్చుకోవడానికి కాలు కూడా నువ్వే విరగ్గొడతావన్నమాట! భేషైన వైద్యుడివిరా."

యజమాని వెంట వచ్చిన అమ్మకాల మేనేజరుకు నవ్వొచ్చింది. యజమాని చూడగానే దాన్ని దగ్గుగా మార్చుకున్నాడు.

"కుట్టకపోతే ఇంట్లో కూర్చో, అత్తా."

"కూర్చుంటా. కత్తెర మాత్రం పెట్టను."

ఆమె కూర్చుంది. చేతులు ఊరుకోక, ఇంట్లో బాగున్న దిండుగలీబులే విప్పి మళ్లీ కుట్టుకుంది. వారం తిరక్కుండా ఎవరో చెప్తే, దుకాణం ముందుకు వెళ్లి చూసింది. అద్దాల వెనుక తన మిషను, బెల్టు ఊడదీసి ఉంది. దాని ముందు తనలాంటి కళ్లజోడు పెట్టుకున్న ప్లాస్టిక్ బొమ్మ. పైన "ఇక్కడ మరమ్మతు చేయబడును" అన్న బోర్డు. నిజంగా చిరిగిన కోట్లు వెనుక మెట్ల కింద గోనెల్లో మూలుగుతున్నాయి.

"బొమ్మకైనా సూదిలో దారం ఎక్కించాల్సింది, సిగ్గులేని వెధవ!" అని ఆమె వెనుదిరిగింది.

కావున తమరిని సవినయముగా కోరునదేమనగా, ఆ మిషనుకు బెల్టు తగిలించి, మెట్ల కింది గోనెలతో సహా అత్తయ్యగారి బల్లకు చేర్పించవలెను. కొత్త గుడ్డపై కత్తెర పెట్టమని ఆమెను మరల అడుగరాదు. అద్దాల వెనుక చోటు మిషను లేక వెలితిగా తోచినచో, బొమ్మను తీసి మేనల్లుడుగారిని కూర్చుండబెట్టవచ్చును. కోటు వారివద్దనే కలదు.