మిట్టమధ్యాహ్నం మనిషి

ఎడారి అంచునున్న తులరోసా ఊళ్ళో ఓతీలియా లుసేరో అంటే బడి బస్సు నడిపే ఆవిడే. పొద్దున్నే పిల్లల్ని బడి దగ్గర దించుతుంది, సాయంత్రం మళ్ళీ ఇళ్ళకు చేరుస్తుంది. మధ్యలో పగలంతా ఆమెది. ఆ పగటిపూట ఆమె చేసే పనికి ఊళ్ళో సగం మంది నవ్వుతారు. పెద్ద చెక్క కెమెరా వీపున కట్టుకుని తెల్ల ఇసుక దిబ్బల మీదికి ఫొటోలు తీయడానికి పోతుంది. అదీ సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు.

ఆ ఇసుకకు ఫొటోలవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. వాళ్ళు బుద్ధిమంతులు. చీకటితోనే దిబ్బలెక్కుతారు, ఎండ ముదరగానే కెమెరాలు సంచుల్లో పెట్టేసి బెర్నీస్ హోటల్లో పచ్చిమిరప కూర పోసిన గుడ్లు తింటూ కూర్చుంటారు. నీడలు సాగాక గానీ మళ్ళీ లేవరు. సరిగ్గా వాళ్ళు లోపలికి వచ్చే వేళకు ఓతీలియా బీన్స్ చుట్టిన రొట్టె ఒకటి పట్టుకుని బయటికి పోతుంది.

"ఈ ఎండలో ఎక్కడికే, బుర్ర మాడిపోద్ది," అంటుంది హోటలు నడిపే బెర్నీస్.

"నీ మనవళ్ళని నువ్వే బడికి తోలతానంటే చెప్పు, రేపట్నించి తెల్లారగట్లే పోతా."

"వాళ్ళని తోలడం కంటే నీ బుర్ర మాడ్డమే నయం."

ఆ చెక్క కెమెరా ఆమె అన్న అమడేయోది. వయసులో ఉండగా ఆయన రాకెట్లు పేల్చే మైదానంలో కొలువు చేశాడు. ఎగిరే రాకెట్టును ఫిల్ము మీద పట్టుకోవడం ఆయన పని. ఆదివారం వస్తే సొంత కెమెరాతో ఇసుక మీద ఉండేవాడు. ఇప్పుడు ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టుకుని ఉత్తరం కిటికీ పక్కన కుర్చీలో ఉంటున్నాడు. ఆ గొట్టంతో దిబ్బ ఎక్కే మాట కల్ల. ఆయనకు మిగిలిన కోరిక ఒక్కటే, మధ్యాహ్నపు తెల్ల ఇసుకను ఉన్నదున్నట్టుగా ఒక్క ఫొటోలో చూడాలని. ఓపిక ఉన్న కాలమంతా ప్రయత్నించి ఓడిపోయి, కెమెరాను చెల్లెలికి ఇచ్చాడు.

ఆ మధ్యాహ్నాన్ని ఏమని చెప్పాలి? అక్కడ నేల ఆకాశం కంటే వెలుగ్గా ఉంటుంది. కింది నుంచి లేచిన వెలుతురు గడ్డం కింది ముడతల్ని కూడా వదలదు. అంత ఎండలోనూ ఇసుక అరికాలికి చల్లగా తగులుతుంది. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే అయినా, దిబ్బ పైకి చేరగానే ఓతీలియా ప్రతిసారీ కెమెరా దించడం మరిచి నిలబడిపోతుంది. ఇంత వెలుగు తనలాంటి బస్సు డ్రైవరు కోసం ఎవరు పరిచారని ఆమెకు నిజంగానే ఆశ్చర్యం.

అన్నాచెల్లెళ్ళు ఎంచుకున్నది యూకా అనే ఒక ఎడారి చెట్టును. దాన్ని కప్పిన దిబ్బ గాలికి ముందుకు జరిగిపోతే, వేళ్ళు గట్టిగా పట్టుకున్నంత ఇసుక మాత్రం మనిషెత్తు స్తంభంలా నిలబడింది. పైన చెట్టు, దాని కింద గొడుగు పట్టినంత నీడ, ఆ నీడలో వేలాడే వేళ్ళు. అమడేయో చూసిన రోజుల్లో అది ఇసుకలోంచి తొంగిచూసే ఆకుల కుచ్చు. ఇప్పుడా స్తంభం ఏటికేడాది సన్నబడుతోంది. వసంతం గాలులు ఒక్కసారి గట్టిగా వీస్తే చాలు, కూలిపోతుంది.

ఓతీలియా తెచ్చిన ప్రతి ఫొటోనూ అమడేయో కిటికీ వెలుగులో పట్టుకుని చూసేవాడు. "బూడిద," అనేవాడు. ఇసుక తెల్లగా రావాలని కాగితం మీద వెలుగు సవరిస్తే, నీడలో వేళ్ళు మసి పూసినట్టు మాయమయ్యేవి. "దీని కింద వేళ్ళున్నాయని నేను సాక్ష్యం చెప్పాలి," అని పక్కన పెట్టేసేవాడు. ఆమె ఉడుక్కునేది. మర్నాడు మళ్ళీ పోయేది.

కొలత ఆయన నేర్పిందే. ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి చెప్పాడు. "వెలుగు కొలిచే మీటరుకి బుర్ర లేదు ఓతీ. ఏది చూపించినా బూడిదరంగే అనుకుంటుంది. తెల్ల ఇసుక చూపించావంటే దాన్ని కూడా బూడిద చేసి కూర్చుంటుంది. అందుకని నీ అరచెయ్యి చూపించు. అరచెయ్యి బూడిదరంగు కంటే ఒక మెట్టు తెలుపు. ఆ మెట్టు వెలుగు నువ్వు ఎక్కువివ్వు. అరచెయ్యి అబద్ధమాడదు."

మార్చి నెలలో ఒకరోజు ఆమె దిబ్బల నుంచి తిన్నగా అన్న దగ్గరికి వచ్చింది. బస్సు వేళ దగ్గర పడుతోంది. ఆయన ముక్కు దగ్గర గొట్టం జారితే సరిచేసి, వస్తానన్నట్టు భుజం నొక్కింది. ఆయన నల్ల స్వెటర్ మీద అయిదు వేళ్ళూ అచ్చంగా తెల్లగా దిగాయి.

అమడేయో ఆ ముద్ర వంక చూశాడు. "చెయ్యేంటి ఇలా ఉంది?"

"దిబ్బ ఎక్కాను కదా. వీపున ఇంత బరువుంటే చేతులూ కాళ్ళూ పెట్టి పాకాల్సిందే."

"పాకి, పైకెళ్ళి, మీటరుకి ఏ చెయ్యి చూపించావు?"

"దేవుడిచ్చిన చెయ్యే."

"ఈ సున్నం పూసిన చెయ్యేనా?"

ఓతీలియా అరచెయ్యి తిప్పి చూసుకుంది. మణికట్టు దాకా తెల్లటి పొడి. అరుగు మీద అబద్ధమాడని అరచెయ్యి, దిబ్బ మీద ఇసుకంత తెలుపైపోయి, మీటరుకు లేని వెలుగు చెబుతోంది. అది నమ్మి ఆమె ఇన్నేళ్ళూ ఫిల్ముకు వెలుగు తక్కువ పోసింది.

అమడేయో ముందు నవ్వాడు. గొట్టం మళ్ళీ జారేంతగా నవ్వాడు. తర్వాత కళ్ళు తుడుచుకున్నాడు. "నేనూ పాకేవాణ్ణే. ఆ ఎండ మనిషికి దొరకదని అందరితో చెప్పుకు తిరిగాను. దాని తప్పేం లేదు పాపం. పిల్లా, గాలులు రాకముందే వెళ్ళు. చెయ్యి కడుక్కుని కొలువు. వెలుగు ధారాళంగా పొయ్, కడిగేటప్పుడు మాత్రం ఫిల్ముని మందులోంచి తొందరగా తీసెయ్. లేదంటే ఇసుక మీద గాలి గీతలు పోతాయి."

మర్నాడు రాకెట్టు పరీక్ష ఉందని దారి మూసేశారు. అడ్డుకర్ర ముందు బండి ఆపుకుని, పడమటి కొండల మీద లేస్తున్న దుమ్మును చూస్తూ ఆమె గోళ్ళు కొరుక్కుంది. దారి తెరిచేసరికి సూర్యుడు నడినెత్తికి వచ్చేశాడు. చెట్టు ఉంది. స్తంభానికి ఒక పక్క పెచ్చు ఊడింది.

పాకుతూ దిబ్బ ఎక్కింది. తాగడానికి తెచ్చుకున్న నీళ్ళు అరచేతి మీద పోసుకుంది, చొక్కా లోపలి అంచుతో తుడుచుకుంది. గోధుమరంగు చెయ్యి, గీతలతో సహా బయటపడింది. మీటరు చెప్పింది రెండోసారి చూసుకుంది. ఇంత వెలుగా? ఇంత పోస్తే అంతా మాడిపోదా? ఏళ్ళ తరబడి చేతికి పట్టిన అలవాటు వద్దంటోంది. అయినా అన్న మాట మీద లెన్సును అంత వెలుగుకే సరిచేసింది.

నల్లగుడ్డ కప్పుకుని చూస్తే కెమెరా వెనక గాజు మీద లోకం తలకిందులుగా ఉంది. పైన ఇసుక, కింద ఆకాశం, మధ్యలో వేలాడుతున్న చెట్టు. ఆ ఇసుకే ఆకాశమేమో, మనమే ఇన్నాళ్ళూ తలకిందులుగా నడుస్తున్నామేమో అనిపించింది ఆమెకు. గాలి ఒక్క క్షణం ఆగింది. మీట నొక్కింది. మళ్ళీ గాలి లేచి ఇసుక కళ్ళల్లో కొట్టింది. బస్సు వేళకు బడి దగ్గరుంది.

ఆ గాలి రెండు రోజులు వీచింది. శనివారం వెళ్ళి చూస్తే స్తంభం లేదు, చెట్టు వెల్లకిలా పడి ఉంది. ఇక ఉన్నది ఆ ఒక్క ఫిల్మే. స్నానాలగదిలో చీకటి చేసుకుని దాన్ని కడిగింది. మనసు ఇంకాస్త, ఇంకాస్త అంటున్నా ముందుగానే మందులోంచి తీసేసింది.

ఆదివారం ఫొటో తీసుకెళ్ళి అన్న ఒళ్ళో పెట్టి, పక్కన నిలబడింది.

అమడేయో దాన్ని కిటికీ వైపు ఎత్తాడు. తెల్లటి ఇసుక, దాని మీద గాలి గీసిన ప్రతి గీతా. నీడలో వేళ్ళు, ఒక్కొక్కటీ విడివిడిగా. బూడిద అంటాడని ఆమె కాచుకుంది. ఆయన ఫొటోను ఇంకాస్త దగ్గరికి తెచ్చుకున్నాడు. చాలాసేపు చూశాడు. చూస్తూ చూస్తూ కళ్ళు చికిలించి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"ఆ పరదా కాస్త వెయ్యి ఓతీ, ఎండ కళ్ళల్లో కొడుతోంది."

అది ఉత్తరం కిటికీ. అందులోంచి ఎండ ఏనాడూ పడలేదు. ఓతీలియా వెళ్ళి పరదా వేసింది.