కార్డులో రాయని బిడ్డ

ఆ అంకె వేసింది వనజే. తల్లీబిడ్డల కార్డు మీద ‘ఎన్నో కాన్పు’ అన్న గడిలో ఒకటి అని రాసింది. నీలం పెన్ను. చెయ్యి ఆగలేదు. ఆగి ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకుంది.

వనజకు పదిహేడేళ్లు. బూర్గంపాడు దాటి అడవిలోకి పోతే, వాగు అవతల తొమ్మిది ఇళ్ల గూడెం ఆమెది. తండ్రి లేడు. తల్లి ఎండాకాలంలో ఇప్పపువ్వు ఏరుతుంది, తునికాకు కోస్తుంది. మిరప కోతలప్పుడు కారేపల్లి దిక్కు కూలికి పోయి, వేళ్లు మండుతూ తిరిగొస్తుంది. వనజ ఆశ్రమ పాఠశాలలో చదువుకుని, ఇంటర్లో బైపీసీ తీసుకుంది. ఎందుకని అడిగితే పెద్ద కారణమేమీ చెప్పలేదు. పదో తరగతిలో సైన్సు సారు ఒకరోజు, గూడెం మాటా తెలుగూ రెండూ వచ్చినవాళ్లు దవాఖానాల్లో దొరకడం లేదన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని ఇంతదాకా వచ్చింది.

వానలు మొదలైన వారంలో కాలేజీ వాళ్లు బైపీసీ పిల్లలను ముగ్గురు ముగ్గురుగా దవాఖానాలకు పంపారు. పది రోజులు. డాక్టరు పని, నర్సు పని, ల్యాబ్ పని కళ్లారా చూసి, తామేం కావాలనుకుంటున్నారో ఆ తర్వాత రెండు వారాల్లో ఒక కాగితం మీద రాసివ్వాలి. వనజతో వచ్చినవాళ్లలో స్తుతి మణుగూరు పిల్ల. తండ్రి బొగ్గు గనిలో పనిచేస్తాడు. డాక్టరు తప్ప ఆమె నోట మరో మాట రాదు. రెండోవాడు రాంబాబు. సూది చూస్తేనే పక్కకు తిరిగే మనిషి. ల్యాబ్ టెక్నీషియన్ అవుతానంటాడు.

“రక్తం చూడలేనోడివి ల్యాబుల ఏం జేస్తవ్‌రా?” అంది స్తుతి.

“ఆడ రక్తం సీసాల ఉంటది. మనిషికెళ్లి కారదు గద” అన్నాడు వాడు.

వాళ్లకు పని చూపించింది విశ్రాంతమ్మ. ఆ దవాఖానాలో ముసలి నర్సు. రిటైర్మెంటుకు ఇంకో ఏడాది ఉంది. పొద్దున్నే తలుపు తీసి, తన దేవుణ్ణి రెండు నిమిషాలు తలుచుకుని, ఆ తర్వాత సాయంత్రం దాకా అందరినీ తిడుతుంది. తిట్టించుకోవడానికే కొందరు వస్తారని రాంబాబు అనేవాడు.

భీమక్క రెండో రోజు వచ్చింది. వనజ గూడెమే, వరసకు వదిన. ఎనిమిదో నెల నిండింది. ఇన్నాళ్లూ కొండ అవతల పుట్టింట్లో ఉండి, వారం కిందటే గూడేనికి తిరిగొచ్చింది. ఆమెకు తెలుగు కొంత అర్థమవుతుంది, మాట్లాడటానికి సిగ్గు. విశ్రాంతమ్మ కొత్త కార్డు తీసి, వనజను పక్కన కూర్చోబెట్టి పెన్ను చేతికిచ్చింది.

“ఎన్నో కాన్పో అడుగు.”

వనజ తమ మాటలో అడిగింది. భీమక్క ఆమె కళ్లలోకి చూసింది. ఒక వేలు ఎత్తింది.

విశ్రాంతమ్మ భీమక్కను బల్ల మీద పడుకోబెట్టి పొట్ట తడిమింది. చర్మం మీద తెల్లబడిన పాత చారల దగ్గర ఆమె చెయ్యి కాసేపు ఆగింది.

“మళ్లొకసారి అడుగు. ఇంతకుముందు ఏమన్న అయిందా అని.”

వనజ అడగలేదు. “అవ్ సిస్టర్, మొదటిదే” అంది. అని, రాసింది.

మొదటిది కాదు. ఏడేళ్ల కిందట భీమక్క కాన్పుకు పుట్టింటికి పోయింది. నీళ్లు మోయడానికి తోడుగా పదేళ్ల వనజను పంపారు. మగపిల్లవాడు పుట్టాడు. తర్వాత రక్తం ఆగలేదు. వనజ బట్టలు వాగుకు తీసుకుపోయి పిండింది. తెచ్చింది. మళ్లీ తీసుకుపోయింది. మూడోసారి పోయేటప్పటికి వాగు ఒడ్డున రాళ్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. భీమక్క పెదవులు బూడిద రంగుకు తిరిగాయి. ఎట్లాగో బతికింది. పిల్లవాడు మూడు రోజులున్నాడు. పేరు పెట్టకముందే పోయాడు.

వాళ్ల గూడెంలో కడుపుతో ఉన్న మనిషి ముందు పోయిన పసిబిడ్డను లెక్కపెట్టరు. లెక్కపెడితే వాడు విని, నా చోటు నాకియ్యండని వస్తాడంటారు. వనజ దాన్ని నమ్మిందా అంటే, నమ్మడం దాకా ఎప్పుడూ పోలేదు. పెద్దవాళ్లకు ఎదురుగా కాళ్లు చాపుకుని కూర్చోకపోవడం లాంటి మర్యాద అది. ఆ మర్యాద కొద్దీ ఒకటి అని రాసింది. లెక్కపెట్టకపోయినా వస్తాడని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఆ మధ్యాహ్నమే విశ్రాంతమ్మ టీ తెప్పించింది. పళ్లెంలో ఐదు గ్లాసులు వచ్చాయి.

“ఐదెందుకు సిస్టర్? మనం నలుగురమే గద” అంది స్తుతి.

విశ్రాంతమ్మ వేలితో వాళ్లను లెక్కపెట్టుకుంది. “ఏమోనే. నేనే ఐదు చెప్పిన. ఇంకెవరో ఉన్నరనుకున్న.”

“దయ్యం వాటా నాకియ్యండి” అని రాంబాబు ఆ గ్లాసు కూడా తాగేశాడు. అందరూ నవ్వారు. వనజ కూడా నవ్వింది.

మర్నాడు పసిబిడ్డలను తూచే త్రాసు తుడుస్తుంటే, తట్టలో ఏమీ లేకపోయినా ముల్లు సున్నా దగ్గరికి రాలేదు. స్ప్రింగు సాగిందని విశ్రాంతమ్మ అంది. సాగే ఉంటుంది. కానీ ఆ తర్వాతి రోజు, ఎండ కాస్తున్న వేళ, వరండాలో నిలబడి ఉండగా వెనక నుంచి ఎవరో చున్నీ అంచు పట్టుకుని లాగినట్టయింది. వనజ తిరిగి చూసింది. తడి నేల, చెప్పుల వరస, గోడ. లాగిన చోటు ఆమె నడుముకు కొంచెం కిందగా ఉంది. ఏడేళ్ల పిల్లవాడి చెయ్యి అక్కడికే అందుతుంది. మూడు రోజుల వాడు ఏడేళ్లూ పెరుగుతూనే ఉన్నాడన్నమాట. భయం కన్నా ముందు ఆమెకు ఆ లెక్క తోచింది.

నాలుగో రోజు సాయంత్రం విశ్రాంతమ్మ ముగ్గురినీ కూర్చోబెట్టి ఎర్ర స్టిక్కర్ల గురించి చెప్పింది.

“గోలీలు ఇచ్చుడు, సూదులు ఏసుడు ఎవరైనా నేర్చుకుంటరు. ఇది నేర్చుకోండి. ముందటి కాన్పుల రక్తం బాగ పోయినామెకు మళ్ల పోతదేమోనని మనం భయపడాలె. గసొంటి కార్డు మీద ఎర్ర స్టిక్కరు. వాగు పొంగితే అంబులెన్సు ఇవతలనే ఆగుతది. అందుకే పొంగకముందే గసొంటోళ్లను గోదావరి అవతలి పెద్ద దవాఖానాకు తోలుతం.”

“స్టిక్కరు లేనోళ్లకు అయితేనో?” అంది స్తుతి.

“వాగు దయ” అంది విశ్రాంతమ్మ.

వనజ ఆ రాత్రీ మర్నాడూ అన్నం సరిగా తినలేదు. చెబితే భీమక్క కడుపు మీదికి వాణ్ణి పిలిచినట్టు. చెప్పకపోతే భీమక్కను వాగుకు వదిలేసినట్టు. ఎటు పోయినా ఒకరు పోతారన్నట్టుంది. ఇంజక్షన్ గదిలో దూది సర్దుతున్నా, రిజిస్టరులో గీతలు కొడుతున్నా, పక్కన ఎవరో ఓపికగా నిలబడి ఉన్నారు. వాడు ఏమీ అడగడు. అడిగితే నయమనిపించేది.

ఏడో రోజు పొద్దున వాన పట్టింది. పెద్ద దవాఖానాకు తీసుకుపోయే జీపు వస్తుందని ఫోను వచ్చింది. విశ్రాంతమ్మ చీటీ మీద నాలుగు పేర్లు రాసి, వనజకిచ్చి చదవమంది. భీమక్క పేరు లేదు.

“సిస్టర్, భీమక్క...”

“ఆమెకింకా మూడు వారాలున్నయి. మొదటి కాన్పు. తర్వాత చూద్దాం.”

“మొదటిది కాదు.”

విశ్రాంతమ్మ కళ్లద్దాలు తీసింది. వనజ చెప్పింది. పుట్టిల్లు, బట్టలు, మూడు రోజులు. చెబుతున్నంతసేపు చున్నీ అంచు గుప్పిట్లో పట్టుకునే ఉంది. తిడుతుందని ఎదురుచూసింది. ముసలామె తిట్టలేదు. కార్డు వెతికి తీసి, ఒకటిని కొట్టేసి రెండు వేసి, మూలన ఎర్ర స్టిక్కరు అంటించి బొటనవేలితో గట్టిగా రుద్దింది.

“నాకు పాత కాన్పు చారలు కనబడ్డయి. నీ మాట నమ్మిన” అంది. “లే. జీపెక్కు. నేను పిలిస్తే ఆమె రాదు.”

వాగు అప్పటికే మోకాలు దాటింది. జీపు అవతలి గట్టుకెక్కి గూడెం మొదట్లో ఆగింది. భీమక్క చూరు కింద కూర్చుని ఉంది. ఆమె మొగుడు పోతయ్య పైకప్పు మీద ప్లాస్టిక్ పట్టా కప్పుతున్నాడు. అత్త చేటతో బియ్యం చెరుగుతోంది.

“వదినా, బట్టలు సర్దుకో. అవతలి దవాఖానాకు పోవాలె” అంది వనజ.

“ఇంకా దినాలున్నయి గద” అన్నాడు పోతయ్య పైనుంచే. “గీ పిల్ల ఏడు రోజులకే డాక్టరమ్మ అయింది చూడు.”

భీమక్క నవ్వింది. రానన్నట్టు తల ఊపింది. విశ్రాంతమ్మ జీపు దగ్గరే నిలబడిపోయింది, ముందుకు రాలేదు. వాన పెరుగుతోంది. డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టాడు.

వనజ ఇంకో అడుగు వేసి, చూరు నీళ్లు తన తల మీద పడే చోట నిలబడి, తమ మాటలోనే చెప్పింది. “వదినా, ఇది నీకు రెండోది. మొదటోడు మూడు రోజులున్నడు. ఆనాడు నీ రక్తం నేను వాగుల పిండిన.”

చేట ఆగిపోయింది. అత్త లేచి లోపలికి పోయి తలుపు దగ్గరికి వేసుకుంది. పోతయ్య పట్టా వదిలేశాడు. అది గాలికి ఒకసారి లేచి, కింద బురదలో పడింది. ఎవరూ దాన్ని తీయలేదు.

భీమక్క గోడ పట్టుకుని మెల్లగా లేచింది. బట్టలు సర్దుకోలేదు. వనజ వైపు చూడకుండా నడుచుకుంటూ పోయి జీపెక్కింది. వనజ మాటకు ఒప్పుకుని ఎక్కలేదు. ఆ మాట పడ్డ ఇంట్లో ఇక బిడ్డను కనకూడదు, అందుకే ఎక్కింది. వనజకు అది తెలుసు.

పదిహేను రోజులకు కాన్పయింది. ఆడపిల్ల. అనుకున్నట్టే రక్తం పోయింది. మూడు సీసాలు ఎక్కించారు. ఆ రోజు వాగు మీద మనిషి లోతు నీళ్లు పారుతున్నాయి. గూడెంలో ఉండి ఉంటే ఏమయ్యేదో అక్కడి డాక్టరు ఎవరికీ విడమర్చి చెప్పలేదు. పోతయ్య కూడా అడగలేదు.

విశ్రాంతమ్మ ఫోను చేస్తే వనజ కాలేజీ నుంచి పెద్ద దవాఖానాకు వెళ్లింది. భీమక్క గోడ వైపు మంచం మీద ఉంది. పెదవులకు రంగు తిరిగొస్తోంది. వనజ దగ్గరికి రాగానే బిడ్డ ముఖాన్ని రొమ్ముకు తిప్పుకుని కొంగు కప్పింది.

“పాప బాగుందా వదినా?”

“బాగుంది.” గొంతు తగ్గించి, మళ్లీ అంది. “నువ్వు చూసినవని నాకెరుకే. అందుకే ఆ దినం నీ దిక్కు చూసిన. నోరు మూస్తవనుకున్న.”

“మూసిన. ఉండలేకపోయిన.”

“వాడు రోజూ నా కాళ్ల దగ్గర ఉండేటోడు. జీపెక్కినంక లేడు.” భీమక్క అప్పుడు మొదటిసారి ఆమె ముఖంలోకి చూసింది. కోపంగా చూడలేదు. “నీ దిక్కొచ్చిండు గద?”

వనజ చెయ్యి చున్నీ అంచు మీదికి పోయింది.

“వాణ్ని తీసుకోని నా ఇంటికి రాకు, పిల్లా. పాప పెద్దగయ్యేదాక రాకు.”

వరండాలో విశ్రాంతమ్మ బల్ల మీద కూర్చుని ఉంది. అంతా విన్నదో లేదో తెలియలేదు. పక్కకు జరిగి చోటిచ్చింది.

“కాలేజీ కాగితంల ఏం రాసినవే?”

“ఇంకా ఇయ్యలే. ఇయ్యాల్నే ఆఖరు.”

“ఏం రాస్తవ్?”

“నర్సు.”

“గూడెంల రానియ్యకపోతే?”

“వాళ్లే దవాఖానాకు వస్తరు గద సిస్టర్. వచ్చినప్పుడు అడుగుత.”

విశ్రాంతమ్మ ఆమె వీపు మీద చెయ్యి వేసి తీసేసింది.

బస్సు సగం ఖాళీగా ఉంది. వనజ మధ్యలో ఇద్దరు కూర్చునే సీటు చూసుకుంది. లోపలికి జరగమని కండక్టరు అన్నాడు. జరగలేదు. వంతెన మీదికి ఎక్కగానే గోదావరి ఎర్రగా, నిండుగా, రెండు వైపులా కనబడింది. ఏడేళ్ల వాడు ఇంత నీళ్లు ఎప్పుడూ చూసి ఉండడు. కిటికీ పక్క చోటు వాడికి వదిలి, ఆమె ఇవతల కూర్చుంది.