దుర్గ ఒక్కతే వెళ్ళిన గది

బుల్లబ్బాయిగారికి ఉన్నది ఒక్క నోరే, ఆ ఇంటిల్లిపాదికీ అదే. తమ్ముడి కోడలు వెంకటదుర్గకి జ్వరమొస్తే ఒళ్ళు ఎక్కడ నొప్పో డాక్టరుకి ఆయనే చెప్పేవారు. సామర్లకోట దగ్గరి ఆ ఊళ్ళో దీన్నే పెద్దరికం అంటారు.

తొంభై తొమ్మిదిలో దుర్గకి పుట్టిన ఆడపిల్ల తొమ్మిదో రోజున పోయింది. బారసాలకి ముందే పోయిన బిడ్డకి పేరుండదు, పేరులేని బిడ్డకోసం ఏడవకూడదు. ఆ ఇంటి ఆచారం. కాలవగట్టున పూడ్చి వచ్చి, "ఇంక ఆ ఊసెత్తకండి" అన్నారు బుల్లబ్బాయిగారు. ఎవరూ ఎత్తలేదు. ఎనిమిది నెలలు దుర్గ కూడా ఎత్తలేదు. నిద్రా పోయింది, ఆకలీ పోయింది, ఎదురుగా అన్నం మాడుతున్నా చూస్తూ కూర్చునేది. తాయెత్తు కట్టించారు, కోరుకొండ గుడి మెట్లెక్కించారు. "నీకేమైంది?" అని మాత్రం ఒక్కరూ అడగలేదు. ఆఖరికి డాక్టరు, రాజమండ్రిలో కౌన్సెలింగ్ చేసే కౌముదిగారికి చీటీ రాసిచ్చాడు.

కంటి ఆసుపత్రికని ఊళ్ళో చెప్పి వ్యానులో ఐదుగురు బయల్దేరారు. ఇంటికి పిచ్చి అన్న పేరొస్తుందని వాళ్ళకి భయం. మనిషి కళ్ళముందే కరిగిపోతోందన్న భయం మాత్రం ఏ కోశానా లేదు.

ఐదుగురూ గదిలోకి జొరబడ్డారు.

"ఎలా ఉందమ్మా?" అన్నారు కౌముదిగారు.

"నిద్ర పట్టదండి దీనికి. పనిలో పడితే అదే పడుద్ది," అన్నారు బుల్లబ్బాయిగారు.

"ఆవిణ్ణి అడిగానండి."

"దానికి చెప్పడం రాదండి. మేం ఉన్నాం కదా."

"అందుకేనండి, మీరంతా కాసేపు బయట కూర్చోండి."

ఆయన్ని ఒకరు బయటికి పొమ్మనడం అదే మొదలు. భర్త సత్తియ్య పెదనాన్న మొహం చూసి, ఆయన వెనకే బయటికి నడిచాడు.

దుర్గ ఇంజక్షనుకని జాకెట్టు చెయ్యి పైకి లాక్కుంది.

"సూదులేం లేవమ్మా. మీరు చెప్పింది ఈ గది దాటదు. చెప్పాలనిపిస్తే చెప్పండి, లేదంటే ఊరికే కూర్చోండి. ఏడుపొస్తే ఏడవండి. ఒక్కరోజులో తగ్గిపోతుందని మాత్రం చెప్పను. వారం వారం రావాలి."

దుర్గ జాకెట్టు చెయ్యి కిందికి దింపుకుంది. కౌముదిగారు తొందరపెట్టలేదు. ఎదుటి మనిషి తన నోటికేసి చూస్తూ అలా ఆగడం దుర్గ ఎరగదు.

"పాపకి పేరు పెట్టనివ్వలేదండి," అంది చివరికి. ఆ తరవాత గంట నిండేదాకా ఏడ్చింది.

బయటికి రాగానే బుల్లబ్బాయిగారు కౌముదిగారికి అడ్డం వచ్చారు. "ఏం చెప్పిందండి?"

"అది ఆవిడ మాటండి. మంగళవారం పదకొండింటికి పంపండి."

"మందు లేదు, మాకు లేదు. కబుర్లకి మళ్ళీ రావాలా?"

మాటలతో జబ్బు తగ్గుతుందా అని సామర్లకోట దాకా ఆయన ఆపకుండా మాట్లాడుతూనే ఉన్నారు. మిగతావాళ్ళు నవ్వారు. అలా నవ్విపెట్టేవాళ్ళుండబట్టే ఇలాంటివాళ్ళు ఊరూరా పెద్దమనుషులై కూర్చుంటారు.

మంగళవారం పొద్దున్న వ్యాను లేదన్నారు బుల్లబ్బాయిగారు.

"బస్సులో వెళ్తానండి, మావయ్యగారూ," అంది దుర్గ. ఎనిమిది నెలల్లో ఆయనకి ఎదురుగా ఆమె ఆడిన మొదటి మాట.

"ఒక్కదానివేనా?"

"లోపలికి ఎలాగూ ఒక్కదాన్నే కదండి వెళ్ళేది."

ఆయన సత్తియ్యకేసి చూశారు, పెళ్ళాన్ని ఆపమన్నట్టు. సత్తియ్య తల దించుకున్నాడు. ఆపలేదు, అలాగని తోడూ వెళ్ళలేదు. అంత మగతనం ఆ ఇంట్లో దొరకదు.

పదకొండింటికి కౌముదిగారు ఏమీ అడగకముందే దుర్గ నోరు విప్పింది.

"పావని అనుకున్నానండి," అంది. "నాలో నేనే అనుకున్నాను. పావని."