దోస్తులిచ్చిన సిగరెట్లు

మొన్న మోకాలి నొప్పి చూపించుకుందామని పంజాగుట్టలో ఆసుపత్రికి పోతే, ట్యాబ్ పట్టుకున్న అమ్మాయి రోజుకు ఎన్ని సిగరెట్లు తాగుతారని అడిగి, తాగనని చెప్పగానే తలెత్తకుండా తర్వాతి ప్రశ్నకు పోయింది. ఉద్యోగం కొత్తలో ఆ ప్రశ్న పట్టుకుని అమీర్‌పేట గల్లీలన్నీ తిరిగినవాణ్ణి నేను. ఇల్లిల్లూ తిరిగి ఆరోగ్య సర్వే రాసుకోవడమే మా పని. భార్య తలుపు చాటున ఉంటే ఒక లెక్క, పాన్‌డబ్బా దగ్గర కలిస్తే ఇంకో లెక్క చెప్పేవాళ్లు మగవాళ్లు. మీలో కొందరు నాకూ అట్లాగే చెప్పి ఉంటారు, ఫికర్ పడకండి.

అందరూ అబద్ధమాడారని కాదు. ఇరానీ హోటల్లో చాయ్ తాగుతుంటే పక్కవాడు సిగరెట్ పెట్టె చాపేవాడు, వద్దంటే అలిగేవాడు. తాము కొన్నవే తాము తాగినవని వాళ్ల లెక్క. దోస్తులిచ్చినవి మర్యాద కింద పోయేవి, లెక్కలోకి వచ్చేవి కావు.

అప్పట్లో నేను మేనమామ ఇంట్లో ఉండేవాణ్ణి. మామకు కడుపు ఆపరేషన్ చేయాలన్నారు. మత్తుకు ఊపిరితిత్తులు తట్టుకుంటాయో లేదో తేల్చుకోవాలి గనుక డాక్టర్ సిగరెట్ల సంగతి అడిగాడు. మామ నాలుగన్నాడు. ఏళ్లుగా అత్తకు చెబుతున్న లెక్క అదే, అత్త పక్కనే కూర్చుని ఉంది. నాకు మనసాగలేదు. సర్వేలో అలవాటైనట్టే, మరి దోస్తులిచ్చినవో అని అడిగేశాను.

 మామ బస్టాపు, ఆఫీసు మెట్లు, చాయ్ హోటల్, పేకాట అంటూ వేళ్లు ముడుస్తూ పోయాడు. రెండు చేతులూ అయిపోయి మళ్లీ మొదలుపెట్టాడు. తన రోజును తానే మొదటిసారి చూసినట్టు బిత్తరపోయాడు.

"డాక్టర్ సాబ్, జర ఆగుండ్రి. నేను కొన్నయే చెప్పిన. ఇరవై దాటుతున్నయి, అది కొట్టేసి రాయుండ్రి," అన్నాడు.

డాక్టర్ ఆపరేషన్ వాయిదా వేసి, పూర్తిగా మానేశాకే రమ్మన్నాడు. అత్త కొంగుతో కళ్లు తుడుచుకుని ఆయన చెయ్యి పట్టుకుంది. మామ దోస్తుల ముందు చేతులు జోడించి మానేశాడు, ఆపరేషన్ తర్వాత చాలా ఏళ్లు బతికాడు.

ఇప్పుడు మెట్రో కింద పిల్లలు ఎవరి సిగరెట్ వాళ్లు, ఎవరి ఫోన్ వాళ్లు చూసుకుంటూ నిలబడుతున్నారు. ఒకరికొకరు అందించుకోవడం పోయింది, పోతే పోనీ. ఎంతమందిని అడిగానో, తగ్గించి చెప్పినవాళ్లే అందరూ. కట్టుకున్న భార్య ముందు, పరువు పోతుందని తెలిసీ, తన లెక్క తానే పెంచి చెప్పిన మనిషిని మాత్రం మామ తర్వాత మళ్లీ చూడలేదు.