అనుబంధ ప్రశ్నల నోట్

అన్నపూర్ణేశ్వరి పద్నాలుగేళ్లుగా చేస్తున్న పని ఒక్కటే: అడిగినదానికి మాత్రమే జవాబు రాయడం. ఢిల్లీలో ఒక మంత్రిత్వ శాఖలో పార్లమెంటు సెక్షన్ ఆమెది. ఎంపీలు అడిగే ప్రశ్నలకు మంత్రిగారు చెప్పే జవాబులు ఆమె బల్ల మీదే పుడతాయి. జవాబులో అబద్ధం ఉండకూడదు. అడగని నిజమూ ఉండకూడదు. నోట్లో నువ్వుగింజ నాననివాళ్లు ఆ సెక్షన్‌లో నెల రోజులు నిలవరు.

జవాబు రెండు లైన్లే. దానికి తోడు మంత్రిగారి కోసం ఒక లావుపాటి కట్ట తయారవుతుంది. సభలో ఎవరైనా లేచి ఇంకో ప్రశ్న వేస్తే ఆయన నీళ్లు నమలకుండా ఉండేందుకు, ఏం జరిగిందో ఎందుకు జరిగిందో అంతా అందులో విప్పి రాస్తారు. అనుబంధ ప్రశ్నల నోట్ అంటారు దాన్ని. అసలు సంగతంతా అందులోనే ఉంటుంది. ఎవరూ అడక్కపోతే అది అలాగే బీరువాలోకి పోతుంది.

ఆమెది తణుకు. వయసు ముప్పై ఏడు. భర్త త్యాగరాజు ఇంకో శాఖలో ఉద్యోగి. సరోజినీ నగర్ క్వార్టర్లో ఉండేది వాళ్లిద్దరే. పిల్లలు కావాలని ఇద్దరికీ ఉంది. అలాంటిది ఆర్నెల్లుగా ఆమెకు నెలసరి లేదు. అప్పుడే ముట్లుడిగిపోయాయేమో, ఇక బిడ్డ మాట మరిచిపోవలసిందేనేమో అని హడలిపోయింది. పక్క క్వార్టర్ ఆంటీ చెబితే డాక్టర్ కావేరి దగ్గరికి వెళ్లింది. ఆవిడది వరంగల్.

"నిద్ర మంచిగ పడుతదా మేడం?"

"పదింటికల్లా మంచం ఎక్కేస్తానండీ."

నిజమే. ఎక్కాక రెండింటి దాకా కళ్లు మూతపడవన్నది డాక్టరమ్మ అడగలేదు.

"ఉపవాసాలు గిట్ల ఉంటరా?"

"శుక్రవారం ఒక్కటేనండీ."

అదీ నిజమే. సభ నడిచే రోజుల్లో తీసుకెళ్లిన క్యారియర్ విప్పకుండానే ఇంటికి తిరిగొస్తుంది. దాన్ని ఉపవాసమని ఎవరంటారు?

"ఇంతకుముందు గర్భం నిలిచిందా?"

"రెండేళ్ల కిందట ఒకసారండీ. ఏడో వారంలో పోయింది."

"మనసుకు ఒత్తిడి ఏమన్న ఉందా?"

"అందరికీ ఉండేదేనండీ."

వైద్యుడి దగ్గర దాచకూడదని పెద్దలంటారు. ఆమె దృష్టిలో ఆమె ఏమీ దాచలేదు. మంత్రిగారి సంతకానికి పంపదగ్గ జవాబులే చెప్పింది.

వారం తర్వాత రక్తపరీక్షల ఫలితాలు వచ్చాయి. డాక్టరమ్మ వాటిని ముందు పెట్టుకుని చెప్పింది.

"ముట్లు ఉడిగిపోలే మేడం. అట్లయితే ఈ హార్మోన్ నంబర్ మస్తు పెరగాలె, పెరగలే. అండాశయాలు మంచిగనే ఉన్నయి. మెదడే వాటికి పని చెప్తలేదు."

కార్టిసాల్ సంగతి అప్పుడే విన్నది అన్నపూర్ణేశ్వరి. మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న చిన్న గ్రంథులు విడుదల చేసే హార్మోన్ అది. ఆపద ముంచుకొస్తే పరుగెత్తడానికీ పోరాడటానికీ ఒంటిని సిద్ధం చేస్తుంది. ఆపద గంటలో తీరిపోతే మేలే చేస్తుంది. నెలల తరబడి తీరకపోతే, దానికి తోడు తిండీ నిద్రా కరువైతే, బిడ్డను మోసే సమయం ఇది కాదని మెదడు తీర్మానించుకుంటుంది. నెలసరి ఆగిపోతుంది.

"ఎక్కువమందికి గిట్లనే ఆగుతది. కానీ మీకు తిండి, నిద్ర అన్ని మంచిగ ఉన్నయంటున్నరు. ఇగ తలకు స్కాన్ తియ్యాలె. లోపల గడ్డ గిట్ల ఉందేమో సూడాలె."

గడ్డ అనేసరికి ఆమె కుర్చీ అంచుకు జరిగింది. తన జవాబు తన మెడకే చుట్టుకుందని ఆ కుర్చీలోనే అర్థమైంది. భయం కన్నా సిగ్గు ఎక్కువ వేసింది.

ఆ ఆదివారం మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర తెల్లకాగితాలు పెట్టుకుని కూర్చుంది. చెయ్యి అలవాటుకొద్దీ పైన "అనుబంధ ప్రశ్నల నోట్" అని రాసింది. పాత డైరీలు తీసి బడ్జెట్, వర్షాకాల, శీతాకాల సమావేశాల తేదీల పక్కన తన తేదీలు వేసింది. సభ నడిచినన్నాళ్లూ నెలసరి ఆలస్యం. సభ వాయిదా పడిన పదిరోజులకు వచ్చేది. ఈ ఏడాది వాయిదా పడినా రాలేదు. ఎవరి నియోజకవర్గంలో ఏ లోపమున్నా వేలు పెట్టి చూపగల మనిషికి, తన ఒంట్లో మూడేళ్లుగా నడుస్తున్నది ఆ పూట కనిపించింది. ఎనిమిది పాయింట్లు చకచకా వచ్చాయి. తొమ్మిదోది రాయడానికి సాయంత్రమైంది.

ఈసారి డాక్టర్ దగ్గరికి త్యాగరాజు కూడా వచ్చాడు. డాక్టరమ్మ నోట్ అంతా చదివింది.

"గిది ముందే చెప్పొద్దా మేడం! స్కాన్‌కు తొందర లేదు. తిండి, నిద్ర, సెలవు. మూడు నెలలు సూద్దాం. ఎక్కువ శాతం మళ్ల వస్తది." తర్వాత గొంతు తగ్గించింది. "తొమ్మిదో పాయింట్ సార్‌కు తెలుసా?"

సభకు పంపే జవాబుల్లో రాసే 'ఆ ప్రశ్న ఉత్పన్నం కాదు' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అన్నపూర్ణేశ్వరి ఆ పాయింట్ ఉన్న కాగితం తీసి భర్త చేతిలో పెట్టింది.

'రెండేళ్ల కిందట డిసెంబరు. ఉదయం పదింటికి ఆఫీసులో రక్తం కనబడింది. మంత్రిగారి ప్రశ్న పదకొండున్నరకు. ప్రశ్నోత్తరాల గంట అయ్యేదాకా కట్ట పట్టుకుని అక్కడే కూర్చున్నాను. ఆ తర్వాతే ఆస్పత్రికి వెళ్లాను.'

"గర్భం పోవుడికి గదే కారణమని ఎవ్వరు చెప్పలేరు మేడం. ఏడో వారంల పోయేటివి ఏంజేసినా ఆగవు శానామట్టుకు" అంది డాక్టరమ్మ. రెండేళ్లుగా ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు అన్నపూర్ణేశ్వరికి కళ్లనీళ్లు వచ్చేశాయి.

త్యాగరాజు కాగితం మీంచి తల ఎత్తలేదు.

"ఆ రోజు పదకొండింటికి నేను ఫోన్ చేశాను కదా."

"చేశారండీ."

"మరి చెప్పలేదేం?"

"టిఫిన్ తిన్నావా అని అడిగారు. తిన్నానన్నాను."

అతను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. కుర్చీ ఆమె వైపు తిప్పుకున్నాడు.

"తిన్న తర్వాత ఏమైంది?" అని అడిగాడు.