పాటకు పాట కలిసే చోటు

పొద్దున మా ఇంటి ఎదురుగా ఉన్న కల్యాణమండపంలో ఒక పాట ఆగకముందే ఇంకో పాట మొదలైంది. తాళం దెబ్బకు దెబ్బ సరిపోయింది కానీ శ్రుతి పొసగలేదు. తరుగుతున్న గోరుచిక్కుళ్లు పక్కన పెట్టి కిటికీ దగ్గరికి పోయాను. ఇప్పుడు నేనుండే ఈ అనంతపురంలో పాటకు పాట కలపడమంతా కంప్యూటరు మీద చేస్తారట. మా బత్తలపల్లెలో మైకుసెట్టు నాగన్న రెండు రికార్డు ప్లేయర్లు ఒక బల్ల మీద పక్కపక్కన పెట్టుకొని చేత్తో చేసేవాడు.

అప్పటికి నాకు పెళ్లయి కొత్త. మా ఆయన మగ్గం నేసేవాడు. నేను గోడవారగా కూర్చొని రాట్నం మీద పట్టు చుట్టేదాన్ని. గోడకు అవతల నాగన్న అంగడి. పెళ్లిళ్లకు పోయేముందు అక్కడ పాటలు వేసి చూసుకునేవాడు. నాకు తెలియకుండానే నా రాట్నం ఆ పాటల నడకలో తిరిగేది. పాట మారినప్పుడు నడక ఎగిరిపడితే నా చెయ్యీ ఎగిరేది, పోగు తెగేది. ఒకరోజు ఓర్చుకోలేక పోయి అడిగేశాను.

"అన్నా, నువ్వు పాట మార్చినప్పుడంతా నా పోగు తెగతాండాది. మీ అంగడికి, మా మగ్గానికి ఏం పగ?"

ఆయన నవ్వి స్టూలు చూపించాడు. "అయితే నీకు చెవులుండాయి. కూచో."

మైకు మూగబోతే పెళ్లి పలచబడుతుందని ఆయన నమ్మకం. ఒక పాట అయిపోతుండగానే రెండోది లోపలికి రావాలి. నడక తెలియడానికి నాతో కాలితో తాళం వేయించేవాడు. శ్రుతి తెలియడానికి మొదటి పాట ఆధారస్వరాన్ని గొంతులో పట్టుకొని, రెండో పాటలో అది ఇముడుతుందో లేదో చూడమనేవాడు. నడక కుదరలేదని ప్లేయరు వేగం మీట జరిపితే వేగంతోపాటు శ్రుతీ పైకి పోయేది. అందుకని రవ్వంత జరిపితే కలిసిపోయే పాటలనే జతకట్టాలి. ఒకే శ్రుతి కాకపోయినా పొసగేవి కొన్ని ఉంటాయి. వాటిని ఆయన పక్కింటి శ్రుతులనేవాడు. నేను అక్షరాలు నేర్చుకున్నది ముసలితనంలో, మనవరాలి పలక మీద. అప్పట్లో రికార్డు మీది పేరు చదవలేను కాబట్టి పాటను దాని శ్రుతితోనే గుర్తుపెట్టుకునేదాన్ని. నాకేం రాదో అందరికీ తెలుసు. ఏం వచ్చునో మొదట కనుక్కున్నది నాగన్నే.

ఏళ్ల తరబడి మైకు గొట్టాల కింద గడిపిన ఆయన చెవులు తగ్గుతూ వచ్చాయి. స్పీకరు పెట్టె మీద అరచెయ్యి పెట్టి తాళం పట్టుకోగలడు. శ్రుతి చేతికి అందదు. సంగతి బయటపడితే ఎవరూ పిలవరు, ఆయనకు వేరే పని రాదు. పెళ్లిళ్లకు భార్య వెంకటక్కతోపాటు నన్నూ పిలుచుకొని పోతానన్నాడు. మా ఆయన కాసేపు గొణిగి, చివరకు ఒప్పుకున్నాడు. నేను ఆడవాళ్లలో, నాగన్నకు ఎదురుగా కూర్చునేదాన్ని. ఆయన రెండో పాటను సన్నగా వదిలి నా మొహం చూసేవాడు. నా కనుబొమలు ముడిపడితే అది తీసేసి ఇంకోటి వేసేవాడు. ఒక పెళ్లిలో వెంకటక్క నన్ను మోచేత్తో పొడిచింది.

"మొగం అట్ల పెట్టుకోని కూచుంటే, పెండ్లికొడుకు నీకు నచ్చలేదనుకుంటారు లచ్చిమీ."

అట్లా ఆయన పని ఇంకొన్నేళ్లు నిలబడింది. తరువాత ఇంటింటికీ టేపురికార్డర్లు వచ్చాయి. వానలు లేక పెళ్లిళ్లూ తగ్గాయి. నాగన్న సెట్టు అమ్మేసి బళ్లారిలో కూతురి దగ్గరికి బయలుదేరాడు. అప్పటికి రెండు చెవులూ పూర్తిగా పోయాయి. బస్సు కోసం రోడ్డు మీద నిలబడినప్పుడు నావైపు తిరిగాడు.

"లచ్చిమీ, ఒక పాట ఎత్తు."

వినబడదు కదా అన్నట్టు చెవి చూపించాను.

"నీ మొగం చూస్తా గదా."

సన్నగా ఎత్తుకున్నాను. నా కాలి తాళం చూస్తూ ఆయన తనకిష్టమైన ఇంకో పాట అందుకున్నాడు. శ్రుతి ఎక్కడో కింద, నడక మరీ నింపాదిగా. కనుబొమలు కదలకుండా పట్టుకొని నా పాటను మెల్లగా దించాను. నడక తగ్గించాను. ఆయన గొంతు ఉన్నచోటికి పోయి నిలబడ్డాను.

"కలిసిందా?"

"కలిసిందన్నా."

నా పెదవులు చూసి తలూపాడు. బస్సు వచ్చింది.

మళ్లీ ఆయన్ను చూడలేదు. నేను ఎత్తుకున్న పాట అప్పుడప్పుడు రేడియోలో వస్తుంది, దాని సొంత శ్రుతిలో, చురుగ్గా. నాకు మాత్రం అట్లా పాడటం చేతకాదు. ఎప్పుడు ఎత్తుకున్నా ఆయన దగ్గరికే దిగిపోతుంది. అక్కడ కాసేపు ఆగుతాను, పక్కన ఇంకో గొంతు చేరుతుందేమోనని.