మాంత్రికుడి కుడి చేయి

ఆదివారం చర్చి నుంచి వచ్చి, భోజనాలయ్యాక అక్క వంటింటి బల్ల తుడిచి పాచికలు తెచ్చేది. అక్క అంటే నాకు తోడబుట్టింది కాదు. నిజామాబాద్‌లో మా పక్కింట్లో ఉంటుంది, బడిలో సైన్సు చెబుతుంది. నేను మందుల దుకాణంలో పనిచేస్తాను. మూడో మనిషి నాతో డిగ్రీ చదివినవాడు, ఎడపల్లి రైతు కొడుకు. ఇంటి దగ్గర వరి, చెరుకు పనులు చూసుకుంటూ ఆదివారాలు బస్సెక్కి వచ్చేవాడు.

మేము ఆడేది కథ చెప్పుకునే ఆట. అక్క కథ నడిపిస్తుంది. కోటలూ, రాక్షసులూ అన్నీ ఆమెవే. మేమిద్దరం చెరో పాత్ర తీసుకుని ఏం చేస్తామో చెబుతాం, అది కుదిరిందా లేదా అన్నది పాచిక తేలుస్తుంది. నాది కత్తి తిప్పే సిపాయి. వాడిది మాంత్రికుడు.

పోయిన చలికాలం కథలో వాడికి ఒక మాయ కవచం దొరికింది. ఎవరు తొడుక్కుంటే వాళ్ల ఒంటికి తగ్గట్టు తానే సర్దుకునే ఇనుప కవచం. వాడి సంతోషం చూడాలి. కానీ ఆటలో రెండు రూల్స్ ఉన్నాయి. మంత్రం వేయాలంటే మంత్రపు కర్ర చేతిలో ఉండాలి. కవచం తొడిగే తర్ఫీదు లేని మాంత్రికుడు దాన్ని తొడుక్కుంటే మంత్రమే పారదు.

"అక్కా, గిది మాయ కవచం కదా. దీనికి సుత గా రూలేనా?" అన్నాడు.

"మాయదైనా కవచం కవచమే. తొడుక్కుంటే తొడుక్కో, మంత్రాలు బంద్."

"జర సూడక్కా."

"ఒక్కసారి సూస్తే రోజూ సూడమంటవ్."

చాయ్ చల్లారేదాకా వాదించాడు. అక్క వినలేదు. ఆలోచించుకుని వచ్చే వారం చెబుతానని నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

ఆ తర్వాతి వారం రాలేదు. మేనమామ బెల్లం గానుగలో చెరుకు గడలు పెడుతుంటే వాడి స్వెటర్ చేయి రోలర్ల మధ్య చిక్కింది. మిషన్ ఆపేలోపు చేయి నలిగిపోయింది. ఆస్పత్రిలో కుడి చేయి మోచేతి కింద నుంచి తీసేశారు. చూడటానికి వెళితే గోడవైపు తిరిగి పడుకున్నాడు. అక్క మంచం పక్కన కూర్చుని కళ్లు మూసుకుని ప్రార్థన చేసింది. నాకు ఏం చేయాలో తోచక దుప్పటి సర్దాను.

ఎండాకాలంలో వాడే ఫోన్ చేశాడు. "ఆదివారం వస్తున్న. ఆట బంద్ పెట్టలేదు కదా?" అన్నాడు. నిజానికి వాడు లేక మేము ఆడనేలేదు.

వచ్చాడు. చొక్కా చేయి మడిచి పిన్నీసు పెట్టుకున్నాడు. అక్క పాచికలు వాడి ఎడమవైపు పెట్టింది. కాసేపు ఎండల గురించి, బోరు నీళ్ల గురించి మాట్లాడుకున్నాం. తర్వాత అక్క గొంతు సవరించుకుని, "నేను ఆలోచించిన. కవచం తొడుక్కున్నా మంత్రం వేయొచ్చు. కర్ర కూడా పట్టుకోనక్కర లేదు," అంది.

వాడు తల ఎత్తలేదు. "ఎందుకక్కా?"

"ఆటే కదా."

"అప్పుడు సుత ఆటనే ఉండె. నేను గంత బతిమాలితే ఒప్పుకోకపోతివి. నా చెయ్యి పోయింది. నా మాంత్రికునిది పోలే. వానికి రెండు చేతులున్నయి. గట్లనే ఉండనియ్యి."

అక్క ముఖం పాలిపోయింది. "సరే. రూలు రూలే," అంది.

కవచం వద్దనుకుని కర్రే ఉంచుకున్నాడు. ఆట మొదలైంది. కొండ దారిలో తోడేళ్లు మా మీద పడ్డాయి. "కుడి చేతిల కర్ర గట్టిగ పట్టుకుంట," అని చెప్పి, పాచిక వేయకుండా ఆగిపోయాడు. నుదుటి మీద చెమట. లేచి బయటికి వెళ్లాడు. నేను వెనకే వెళ్లేసరికి ఆటో ఎక్కేశాడు.

తర్వాత చాలా వారాలు రాలేదు, ఫోన్ ఎత్తలేదు. తన మాట వల్లే కోపం వచ్చిందని అక్క కుమిలిపోయింది. వానలు పడ్డాక నేనే ఎడపల్లి వెళ్లాను. వాళ్ల అవ్వ గడపలో కూర్చుని ఉంది. "నువ్వన్నా అడుగు బిడ్డా. అన్నం కాడ సుత మాట్లాడుతలేడు," అంది.

వాడు పొలం గట్టు మీద ఉన్నాడు, నారు పీకే వాళ్లను చూస్తూ. పక్కన కూర్చున్నాను.

"అక్క మీద కోపమా?"

"అక్క మీద ఎందుకురా కోపం?" అని గట్టు మీది గడ్డి పరక ఒకటి పీకాడు. "లేని చెయ్యి నొస్తది. నవ్వకు. వేళ్లు ముడుసుకున్నట్టు, గోర్లు అరచేతిల దిగినట్టు. ఆ రోజు కర్ర గట్టిగ పట్టుకున్న అన్న సూడు, అప్పుడు నిజంగనే పట్టుకున్నది. ఇడిసిపెడదామంటే ఇడుస్తలేదు. ఎవలకు జెప్పాలె? పిచ్చోడంటరు."

ఆ నొప్పికి మందులు నేను రోజూ అమ్ముతాను. అయినా అందరూ అడిగేదే నేనూ అడిగాను. "డాక్టర్‌కు చెప్పినవా?" అన్నాను.

"గోళీలిచ్చిండు. నిద్రొస్తది, నొప్పి పోదు."

నేను లేవబోతుంటే, "కర్ర ఏ చేతిల ఉండాలని రూలున్నదా?" అని అడిగాడు.

"లేదు. చేతిలో ఉండాలని మాత్రమే ఉంది."

తల ఊపాడు. ఆ రాత్రే అక్కకు అంతా చెప్పాను. ఆమె ఏడ్చింది.

ఆ తర్వాతి ఆదివారం వచ్చి, కర్ర ఎడమ చేతికి మార్చుకుంటున్నానని వాడే చెప్పాడు. "మార్చుకో," అంది అక్క. నొప్పి పోలేదు. కొన్ని వారాలు సాయంత్రం దాకా బాగానే ఆడతాడు. కొన్ని వారాలు మధ్యలో లేచి పెరట్లోకి వెళ్లి, లేని చేతిని పట్టుకున్నట్టు మోచేతిని ఒత్తుకుంటూ నిలబడతాడు. మేము పిలవం. పాచికలు కదపం. ఒక్కోసారి తిరిగొచ్చి కూర్చుంటాడు. ఒక్కోసారి గేటు చప్పుడు వినిపిస్తుంది.